నిమిషానికి డెబ్బై ఆరు

మార్చి 11, మంగళవారం
మధ్యాహ్నం రెండున్నర, వంటింటి బల్ల దగ్గర

అక్కకు,

నీకూ, బావగారికీ, బుజ్జికీ, ఇంకా చల్లారని నీ కోపానికీ కలిపి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈ మాట ఉత్తరాల్లో అందరూ రాస్తారు, మంచంలో మూలుగుతూ కూడా రాస్తారు. నేను మాత్రం రుజువు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. పొద్దున ల్యాబులో ఇచ్చిన కాగితం నా మోచేతి కింద ఉంది. మూడు అంకెలు, మూడూ ఉండాల్సిన హద్దుల్లోనే ఉన్నాయి. అక్కా, నాకు తగ్గింది! పూర్తిగా పోయిందని కాదు, అదుపులోకి వచ్చింది. మాత్ర ఇంకా వేసుకోవాలి, తిండి ఇంకా చూసుకోవాలి. అయినా సరే, నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

చూశావా, అసలు సంగతి మొదట్లోనే కక్కేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వు అనేది ఇందుకే.

ఇంత సంతోషం ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఎనిమిది నెలల్లో పదకొండు సార్లు చేశాను, నువ్వు ఎత్తలేదు. పైగా నువ్వు ఈ రాత చూడాలని నా కోరిక. గీత ఎక్కడైనా వణికిందా? సున్నాలు గుండ్రంగా ఉన్నాయా లేదా? సెప్టెంబరులో బ్యాంకుకి వెళ్ళి సంతకం చేస్తే, ఇది మీ సంతకం కాదమ్మా అని గుమాస్తా కాగితం వెనక్కి నెట్టాడు. మళ్ళీ చేశాను, ఇంకోసారి చేశాను. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. నా సంతకాన్ని నేనే దొంగతనంగా పెడుతున్నట్టు బిక్కమొహం వేసుకుని బయటికొచ్చాను. ఆ మర్నాడే మా ఆయన నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళారు.

ఆయన బావగారితో ఫోన్లో థైరాయిడ్ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారట. బస్సు డిపోలో మెకానిక్కు కదా, బ్రేకులన్నీ నోటికే బిగించుకున్నారు. మిగతాది నేను చెబుతాను. నీకూ నాకూ గ్రంథి ఒకటే, జబ్బు వేరు. నీ గ్రంథి ఒళ్ళు వంచదు, నాది కుదురుగా కూర్చోదు. డాక్టరమ్మ వివరిస్తుంటే మా ఆయన మధ్యలో అందుకున్నారు. బండి ఆగి ఉన్నా ఇంజను రేసవుతూనే ఉందన్నమాట, ఆయిలంతా తాగేస్తుంది, వేడెక్కుతుంది, బాడీ మొత్తం వణుకుతుంది, అంతే కదండీ అన్నారు. అంతేనండీ, ఇక నేను చెప్పడానికేం లేదు అని ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

ఇప్పుడు జూలై సంగతి. నువ్వు చింపెయ్యకుండా ఇక్కడిదాకా చదివావంటే దానికోసమేనని తెలుసు.

ఆ రోజు నీ కుట్టు దుకాణంలో మనం పోట్లాడుకున్నది ఫ్యాను గురించి. నీకు యాభై రెండు, నాకు నలభై ఒకటి, ఒక స్విచ్ కోసం కొట్టుకున్నాం. నీకేమో ఎండల్లో కూడా స్వెట్టరు కావాలి, నాకేమో ఒంట్లో పొయ్యి వెలుగుతోంది. నేను వేశాను, నువ్వు ఆపావు. మళ్ళీ వేశాను, నువ్వు కత్తిరించి పెట్టుకున్న ముక్కలన్నీ ఎగిరి మిషను కింద పడ్డాయి, మళ్ళీ ఆపావు. నాలుగోసారికి నేను అరిచాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు చూస్తుండగా, నీ కూతురు బుజ్జి చూస్తుండగా, నన్ను పెంచానని ఇంకా ఎన్నాళ్ళు దెప్పుతావు, అసలు నిన్నెవరు పెంచమన్నారు అని అడిగాను.

నువ్వు ఎప్పుడూ దెప్పలేదు. అమ్మ పోయిన ఏడాది నువ్వు కాలేజీ మానేసి, పొద్దున్నే నాకు జడ వేసి బడికి పంపి, మిషను ముందు కూర్చున్నావు. ఆ మాట నీ నోటినుంచి ఒక్కసారైనా రాలేదు. దాన్ని ఎత్తినది నేనే. ఈ జబ్బులో కోపం ముక్కు మీదే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. జబ్బు మాట్లాడించిందని తప్పించుకోవచ్చు కూడా. కానీ వేగం గ్రంథిదే గానీ మాట నాదే అక్కా. తప్పయింది, క్షమించు. ఈ నాలుగు ముక్కలు తిన్నగా రాయడానికి చెయ్యి కుదిరేదాకా ఆగాల్సి వచ్చింది.

కళ్ళు తుడుచుకో, ఇప్పుడు నవ్వొచ్చేది చెబుతాను. అప్పటికే నేను ఆరు కిలోలు తగ్గాను, అదీ బకాసురుడి చెల్లెల్లా తింటూ. పొద్దున నాలుగు బన్నులు, పదింటికి రెండు పఫ్‌లు, మధ్యాహ్నం నా డబ్బా కాక మా ఆయన డబ్బాలో సగం. అదంతా ఎటు పోతోందో తెలియదు. బేకరీలో ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగి, ఆ రహస్యం మాకూ చెప్పవే అని వేధించారు. కౌంటరు దగ్గరుండే పిల్లయితే నేను తిన్నదే తానూ తింటానని పంతం పట్టి నెలలో మూడు కిలోలు పెరిగింది. ఆ పాపం నాదే.

నవ్వు అక్కడితో సరి. పదహారేళ్ళుగా ఆ బేకరీలో కేకుల మీద పేర్లు రాసేది నేనే కదా. ఆగస్టులో ఒక పాప మొదటి పుట్టినరోజు కేకు మీద శుభాకాంక్షలు రాస్తే, ఒక్క అక్షరమూ తిన్నగా నిలబడలేదు. మా యజమాని చిన్న మాటకే పొంగిపోతాడని మేం చాటుగా బేకింగ్ పౌడర్ అంటాం. ఆ రోజు మాత్రం ఆయన పొంగలేదు. నా చేతిలోంచి క్రీము కోను మెల్లగా తీసుకుని, కొన్నాళ్ళు ట్రేలు కడుగమ్మా అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజునుంచి నిన్నటిదాకా ట్రేలే కడిగాను.

ఆసుపత్రిలో తిండి సంగతి చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. వయసులో బుజ్జి కంటే రెండేళ్ళు పెద్దదేమో, దబాయింపులో నీ అంతటిది. మందు మందే, తిండి దానికి తోడు మాత్రమే, తిండి కుదిరింది కదా అని మందు మానేస్తే ఊరుకోను అని ముందే బెదిరించింది. తరువాత నా కాఫీ మీద పడింది. రోజుకి ఏడు కప్పులు తాగేదాన్ని. అసలే పరుగెత్తే గుండెని వెనకనుంచి తరుముతున్నారు అంది. మానేసిన మొదటి వారం తల పగిలిపోయింది. బేకరీలో కాఫీ మిషను బుస్సుమన్నప్పుడల్లా ట్రేలు వదిలేసి వీధిలోకి వెళ్ళి నిలబడేదాన్ని. ఎముకలు గుల్లబారతాయని పాలూ పెరుగూ పెంచింది, కండ కరిగిందని గుడ్లు చేర్చింది, మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినమంది. సముద్రపు చేపలూ రొయ్యలూ కట్టిపెట్టమంది. కాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి నిక్షేపంగా తినొచ్చంది. ఆ చివరి మాట మా ఆయన చెవిన పడకుండా ఉండాల్సింది. అక్కా, నేను ఈ ఆరు నెలల్లో తిన్న కాబేజీ ఒక మేకల మందకి ఏడాది సరిపోతుంది. డిపోలో బస్సుల సర్వీసు చార్టు ఉంటుందే, అచ్చం అలాంటిది గీసి ఫ్రిజ్ మీద అంటించారు. మాత్ర వేసుకుంటే ఒక టిక్కు, పాలు తాగితే ఒక టిక్కు. నేను రెండు కిలోలు పెరిగిన రోజున పక్కింటివాళ్ళను పిలిచి మరీ చెప్పారు. కౌంటరు పిల్ల నన్ను చూసి, అయ్యో మళ్ళీ లావవుతున్నారు అని జాలిపడితే దాన్ని కావలించుకున్నాను.

మధ్యలో గడ్డురోజులు లేకపోలేదు. మొదటి మూడు నెలలూ అంకెలు దిగలేదు. మాత్ర మోతాదు పెంచారు, అయినా కదల్లేదు. ఆపరేషను మాట కూడా వచ్చింది. జనవరినుంచి దిగడం మొదలుపెట్టాయి, ఇక ఆగలేదు.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి కాగితం చేతికొచ్చింది. పదింటికి డాక్టరమ్మ చూసి, బాగుంది, మాత్ర తగ్గిద్దాం అంది. పదకొండింటికి బేకరీలో ఉన్నాను, బస్సు కోసం ఆగే ఓపిక లేక నడిచే వెళ్ళాను. బేకింగ్ పౌడర్ ఒక ట్రే బోర్లించి, కోను చేతికిచ్చి, రాయి చూద్దాం అన్నాడు. శుభాకాంక్షలు రాశాను. మళ్ళీ రాయమన్నాడు. ఇంకా చిన్న అక్షరాలతో రాయమన్నాడు. ఐదోసారి అయ్యాక లోపలికి వెళ్ళి నిజం కేకు తెచ్చి నా ముందు పెట్టాడు. రిటైరవుతున్న ఒక నర్సమ్మకి తోటివాళ్ళు చేయించారట. దాని మీద రాయాల్సింది ఇది: ముప్పై నాలుగేళ్ళు నిలబడ్డారు, ఇక కూర్చోండి. ఒక్క చుక్క చెదరకుండా రాశాను! ఆయన ముక్కు కేకుకి ఆనేంత వంగి చూసి, రేపట్నుంచి కోను నీదే, కానీ ట్రేలు నీ అంత శుభ్రంగా ఎవరు కడుగుతారు అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నేను అక్కడే స్టూలు మీద కూర్చుని మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాను. ఇది అలవాటైపోయింది. ఈ జబ్బులో ఒక చిక్కుంది అక్కా, ఏ ఉత్సాహం వచ్చినా అనుమానమే, ఇది నాదా గ్రంథిదా అని. వేసవిలో ఊరికే కూర్చున్నా నూట ఇరవై కొట్టుకునేది. ఏ కారణం లేకుండా అర్ధరాత్రి లేచి అలమరలు సర్దేదాన్ని, నేనెంత హుషారుగా ఉన్నానో అనుకునేదాన్ని. ఇవాళ లెక్కపెడితే నిమిషానికి డెబ్బై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను, డెబ్బై ఆరే. అంటే ఈ సంతోషం అచ్చంగా నాదే. అది తెలియగానే ముందు గుర్తొచ్చింది నువ్వు. సగం రోజు సెలవడిగి ఇంటికొచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను.

ఇక నేను అడగాలనుకున్నది అడుగుతాను. ఈ నెల ఇరవై తొమ్మిదికి నీ దుకాణానికి పాతికేళ్ళు నిండుతాయని బుజ్జి చెప్పింది. నాతో మాట్లాడినందుకు దాన్ని తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. కేకు మీ వీధి చివర ఎవరికో చెబుతున్నారట. నీ పాతికేళ్ళ కష్టం మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు పేరు రాయడమేమిటి? నన్ను రానియ్యి. ముందురోజు సాయంత్రం బస్సుకి నా కోన్లూ, గరిటెలూ పట్టుకుని వస్తాను. ఏం రాయాలో నువ్వు చెప్పు, అదే రాస్తాను. ఆ జూలై రోజున దుకాణంలో ఉన్నవాళ్ళందర్నీ పిలువు, వాళ్ళముందే నీకు తప్పయిందని చెప్పుకుంటాను. ఫ్యాను నీ ఇష్టం.

కానీ నువ్వు రమ్మంటేనే వస్తాను. పిలవని పేరంటానికి వచ్చే మొహం నాకు ఇప్పుడు లేదు. ఇరవయ్యో తేదీలోపు ఏదో ఒకటి రాయి. వద్దనైనా సరే, నువ్వే రాయి.

బావగారి మోకాలు ఎలా ఉందో తెలియజెయ్యి. బుజ్జికి ముద్దులు.

నీ చేతుల్లో పెరిగి, నీ మీదే నోరు పారేసుకున్న
చెల్లెలు

తా.క.: ఉత్తరం కవర్లో పెట్టి అంటించబోతూ మళ్ళీ బయటికి తీశాను. అక్టోబరునుంచి నెలనెలా బేకరీ అడ్రసుకి నువ్వు పంపుతున్న పాకెట్ల గురించి పైన ఒక్క ముక్క రాయలేదని గమనించే ఉంటావు. కావాలనే రాయలేదు. సముద్రపు నాచు పొడి, థైరాయిడ్‌కి మంచిదని పైన అచ్చేసి ఉంది. నీకెవరో చెప్పి ఉంటారు, నీకు మంచిదైతే నాకూ మంచిదే అనుకున్నావు. లోపల చీటీ ఉండేది కాదు. పైన నా పేరు మాత్రం ఉండేది, కోడి కెలికినట్టుండే నీ రాతలో. మూడు నెలలు రోజూ చెంచాడు పాలల్లో కలుపుకుని తాగాను. మా ఆయనకి తెలియకుండా బేకరీలో ఎసెన్సు సీసాల వెనక దాచుకున్నాను. అంకెలు దిగకపోవడానికి కారణం అదే. దాని నిండా అయోడిన్ ఉంటుందట, నాలాంటివాళ్ళకి మందు పని చెయ్యనివ్వదట. ఇంకేమైనా తింటున్నావా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగితే లేదని అబద్ధమాడాను. మూడోసారి ఆపరేషను మాట వచ్చాక చూపించాను. ఆవిడ తల పట్టుకుంది. అది విషంతో సమానం అని చెప్పాక కూడా ఇంకో ఆరు రోజులు తాగాను అక్కా. నీ దగ్గరినుంచి వచ్చేది అదొక్కటే, దాన్ని పారబొయ్యడానికి చేతులు రాలేదు. తరువాత వచ్చిన మూడు పాకెట్లూ విప్పకుండా అలాగే ఉన్నాయి.

ఇది నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. నావల్లే చెల్లెలికి జబ్బు ముదిరిందని కుమిలిపోతావు, నా మొహం చూడ్డానికి ఇంకా వెనకాడతావు. కానీ కవరుకి జిగురు రాస్తుంటే తట్టింది, నువ్వూ అదే తింటున్నావేమో అని. నీలాంటివాళ్ళకి కూడా అది మందు కాదని, ఒక్కోసారి గ్రంథిని ఇంకా పాడుచేస్తుందని డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. నేను నా గురించే విన్నాను, నీ గురించి వినలేదు. మూడు నెలలు ఆలస్యం చేశాను. ఈ ఉత్తరం అందిన రోజే ఆ పొడి ఆపేసి, పాకెట్ పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళు. నన్ను రమ్మనకపోతే మానె, ఇది మాత్రం చెయ్యి.