రబ్బరు కట్లు

సహాయకులను పంపే సంస్థ మేనేజరు వసంతలక్ష్మి గారికి పుట్టపాక నుంచి నమస్కారం.

మేడం, మీరు మా ఇంటికి పంపిన నవనీతను మార్చమని నేను అడగడం లేదు. మంచి పిల్లే. నా బాధంతా ఆ మంచితనంతోనే. నాకు నడుము కింద పనిచేయదు గానీ చేతులు బాగానే ఉన్నాయి. చీర నూలుకు రబ్బరు కట్లు కట్టడం నా పని. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు, రంగు అద్దాక కట్లు విప్పితే డిజైను వస్తుంది. మొన్న మంగళవారం నేను కునుకు తీసి లేచేసరికి నవనీత సగం కట్లు విప్పి కూర్చుంది. "నీకు జర పని తక్కువైతదని విప్పిన అక్కా," అన్నది. ఇంకా రంగే అద్దలేదు. పన్నెండు రోజులు కట్టిన ఏనుగుల అంచు పోయింది.

ఆ సంగతి చెబుదామని మీకు ఫోన్ చేస్తే, నవనీతకు ఇమ్మన్నారు. "ఏం కాదులే, ఆమె పొద్దుపోక చేసే పనే కదా," అని ఆమెతో అన్నారు. స్పీకరు పెట్టే ఉంది మేడం, విన్నాను. ఈ ఇల్లు ఆ కట్ల మీదే నడుస్తోంది.

ఈ ఉత్తరం నవనీతకు చదివి వినిపించాను. "నా మంచి ఒక్కటన్న రాయవా?" అన్నది. రాస్తున్నాను. నన్ను ఎత్తే ముందు ప్రతిసారీ "ఎత్తాల్నా అక్కా" అని అడుగుతుంది. అది మీరే నేర్పారట. నూలు ముట్టే ముందు అడగడం ఈ వారం నా దగ్గర నేర్చుకుంది.

నా సంగతి నన్నే అడగడం ఇక మీరు నేర్చుకోవాలి.