రాకింగ్‌కు పట్టుకెళ్లిన కర్ర

గాల్‌స్టన్, జనవరి 1889

అమ్మా, ఊరు కొత్తని నా గురించి బెంగపడకు, నిన్నటితో ఆ దిగులు తీరింది.

పక్కింటి గ్రిజెల్ అవ్వ రాకింగ్‌కు పిలిస్తే, నూలు వడికే కూటమే అనుకుని, మన కొండల్లో వెళ్లినట్టే అమ్మమ్మ వడికే కర్రకు నార చుట్టి, కదురు పట్టుకుని వడకడానికి వెళ్లాను. తీరా చూస్తే అందరూ వట్టి చేతులతో కూర్చుని టీ తాగుతున్నారు! ఇక్కడ నూలంతా మిల్లుదే, రాకింగంటే పాటలూ కబుర్లూ అంతే.

"చీపురు తెచ్చావేంటమ్మా, ఇల్లు ఊడుస్తావా?" అని కమ్మరి భార్య జెనెట్ పగలబడి నవ్వింది. సిగ్గుతో చచ్చాననుకో.

"నోర్ముయ్యవే! రాక్ అంటే ఈ కర్రే కదా, ఇన్నేళ్లకు మా ఇంటికి నిజంగా రాకింగ్‌కు వచ్చింది ఈ పిల్లొక్కతే," అంటూ అవ్వ నా చేతిలో కర్ర లాక్కుంది. చూపు లేకపోయినా దారం తెగకుండా తీస్తూ, వాళ్లమ్మ పాట ఎత్తుకుంది. జెనెట్ కళ్లు తుడుచుకుని నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

వద్దన్నా నువ్వు ఆ కర్రను నా పెట్టెలో కుక్కబట్టే కదమ్మా ఇదంతా!

ఆవు ఈనిందా? నాన్న దగ్గెలా ఉంది? కాస్త అవిసె నార పంపు, జెనెట్ నేర్చుకుంటుందట. మీ అల్లుడు గావిన్ మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు.

కర్ర ఇంకా అవ్వ పడక పక్కనే ఉంది. తెచ్చుకోవడానికి మనసు రావడం లేదు, అక్కడే ఉండనివ్వనా?

నీ మిరన్