రూతమ్మ కట్టిన రుమాలు

రూతమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు.

మొయినాబాద్ బడిలో మనం చదివేటప్పుడు జ్వరమొచ్చి నీ జుట్టంతా ఊడిపోయింది. మీ అవ్వ పాత చీర చించి రుమాలు చేసి ఇస్తే, దాన్ని రోజుకో తీరుగా తలకు కట్టుకుని వచ్చేదానివి. ఒకరోజు చెవి పక్కన పువ్వులా ముడి వేసేదానివి, ఇంకోరోజు మెలిపెట్టి జడలా చుట్టేదానివి. నవ్వుదామని చూసిన పిల్లలే నేర్పమని నీ వెంటపడ్డారు. అందరికంటే ముందు నాకు నేర్పావు.

ఒకరోజు పట్నం నుంచి బడికి వచ్చిన పెద్ద పంతులమ్మ నా తలకున్న రుమాలు చూసి ఆగింది. "ఎంత బాగా కట్టుకున్నావు! ఎవరు నేర్పారు?" అని అడిగింది.

"నేనే కనిపెట్టిన" అన్నాను. నువ్వు నా పక్కనే ఉన్నావు.

ఇంటికి వెళ్లే దారిలో నువ్వు ఒక్క మాటే అన్నావు: "ముడి మంచిగ కట్టినవ్, మార్తా."

నిన్న చేవెళ్లలో తలకు రుమాలు అట్లాగే కట్టుకుని జొన్నకోతకు పోతుంటే ఆడపిల్లలు నా చుట్టూ చేరారు.

"అక్కా, నీ ముడి మాక్కూడ జర నేర్పు."

ఇక దాచలేకపోయాను. "ఇది నాది గాదు. సచ్చిపోయిన నా దోస్తు రూతమ్మది. నాదే అని అబద్ధం చెప్పిన" అన్నాను.

వాళ్లు నమ్మలేదు. "సచ్చిపోయిన దోస్తుకు పేరు రావాలని గిట్ల అంటున్నది. అక్కది ఎంత మంచి మనసో సూడుండ్రి!" అని ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

నేను మళ్లీ చెప్పలేదు, రూతమ్మా. ఆ మెప్పు కూడా నేనే తీసుకుని, వాళ్లకు నీ ముడి నేర్పాను.

మార్త