వాకిలి ఊడ్చే మంగి ఎవరి బిడ్డ

తమ్ముడూ,

ఐదో తరగతితో బడి మానినదాన్ని, అక్షరాలు వంకరపోయినా తప్పులు పడినా కోప్పడొద్దు.

రేపటికి నువ్వు పోయి ఏడాది. నువ్వు వారం వారం ఫోన్‌లో చదివి వినిపించిన మాయకోట కథకు చివరి భాగం పొద్దున వచ్చింది. నువ్వు చెప్పిందే నిజమైంది. వాకిలి ఊడ్చే మంగి, చనిపోయిన రాణి బిడ్డే! బియ్యం చెరిగే ముందు రాణీ, మంగీ ఇద్దరూ మూడు గింజలు వెనక్కి వేస్తారని పట్టుకున్నది నువ్వొక్కడివే.

"మన జేజిని చూసి అమ్మ చేసే మాదిరే అక్కా. ఆ అలవాటు తల్లిని చూసే వస్తాది," అన్నావు.

ఆ కథ చదివేవాళ్ళ గ్రూపులో నిన్ను మన ఊరి పేరుతోనే పిలుస్తారు కదా, అందరూ నవ్వినారు. "ఏమప్పా కోసిగీ, పనిమనిషికి కిరీటం పెడతాండావా?"

ఇప్పుడు వాళ్ళే, "గెలిచినావప్పా! నాలుగు గంటలకు ఫోన్ చేస్తాం, అందరికీ నీ గొంతు వినిపించాల," అంటున్నారు. నువ్వు లేవని వాళ్ళకు తెలీదు. ఏడాదిగా నీ పేరుతో జవాబులు రాస్తున్నది నేనే. నీ ఫోన్ నా దగ్గరుందని మీ బావకు కూడా తెలీదు.

మూడున్నర దాటింది. నిజం చెప్తే ఆడ, ఆ గ్రూపులో కూడా నువ్వు చచ్చిపోతావు. ఫోన్ ఎత్తకుంటే, భయపడి పారిపోయినావంటారు.

ఎత్తుతా. "నేను కోసిగి వాళ్ళ అక్కను" అంటా. మంగిని నువ్వెట్లా పట్టుకున్నావో చెప్తా.

చదివినాక ఇది కాల్చెయ్ తమ్ముడూ. నీకు చేతకాదని, పొయ్యి నేనే రాజేసినా.