చిక్కుకున్న కొమ్ములు

ఇంగెయార్డ్ పిన్నికి,

నన్ను బ్యాండులో ఉంచుకున్నారు! ముందు ఈ మాట చెప్పేస్తే గానీ మిగతాది రాయలేను.

ఎంపిక రోజు బ్యాండు స్టూడియోలో ముసుగు లేకుండా, నాన్న పాత గోధుమరంగు గిటారుతో వాయించాను. అది వాళ్లకు నచ్చింది. స్టేజీ మీద మాత్రం అందరికీ ఒకేలాంటి తెల్ల గిటార్లు, నువ్వు అల్లిన గడ్డి మేక ముసుగులు. నిన్న సుంద్స్‌వాల్ ఊళ్లో నాకు పరీక్ష కచేరీ. తప్పు చేస్తే ఇంటికేనని మా నాయకుడు టోర్కెల్ ముందే చెప్పాడు.

మూడో పాటలో ఎడమవైపు నేనూ, కుడివైపు రెండో గిటారిస్టు యాల్మరూ తలలు ఆనించి వాయించాలి. ఆనించాం. కొమ్ములు చిక్కుకుపోయాయి.

"లాగకే తల్లీ, నా మొహం బయటపడుతుంది!" అని యాల్మర్ ముసుగులోంచి అరిచాడు.

"అయితే నువ్వూ కదలకు, మేకపోతా!" అన్నాను.

మా బ్యాండు వాళ్ల మొహాలు ఇంతవరకూ జనంలో ఎవరూ చూడలేదు. అందుకని అలాగే గిరగిరా తిరిగాం. నా తీగలు అతనికీ, అతని తీగలు నాకూ అందాయి. ఒకరి గిటారు ఒకరం వాయించి పాట ముగించాం. జనం పూనకం వచ్చినట్టు ఊగిపోయారు.

తెర వెనక టోర్కెల్ కత్తెరతో కొమ్ములు కోసి మమ్మల్ని విడదీశాడు. నేను సామాను సర్దుకోబోయాను.

"ఎక్కడికి? ఇక ప్రతి ఊళ్లోనూ ఇదే చేయాలి. ఎన్నాళ్లు సాధన చేశారేంటి?" అన్నాడు.

"చాలా కష్టపడ్డాం," అన్నాడు యాల్మర్, సిగ్గు లేకుండా.

పిన్నీ, రెండు జతల కొమ్ములు వెంటనే అల్లి పంపు. సులువుగా చిక్కుకోవాలి, లాగితే ఊడిరావాలి. అమ్మతో మాత్రం బడిలో పాఠాలు చెబుతున్నాననే చెప్పు.

ఇట్లు,
ఎడమవైపు మేక