ముందుగా ఆంబులెన్సును పంపవలసిందిగా

వెస్ట్ హేడన్ టౌన్‌షిప్, న్యూజెర్సీ, పోలీసు చీఫ్ గారి సముఖమునకు, అదే టౌన్‌షిప్ నివాసి చక్రపాణి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటి చిరునామాకు తమ శాఖవారు తగిలించిన హెచ్చరికను తొలగించుట, వైద్యసహాయం కోరినప్పుడు ముందుగా ఆంబులెన్సును పంపుట గురించి.

నేను, నా భార్య చంద్రిక తమ శాఖకు చెందిన ఇద్దరు అధికారుల మీద వేసిన సివిల్ దావాలో, వారి తప్పేమీ లేదని ఈ వేసవిలో జ్యూరీ తీర్పు ఇచ్చిన సంగతి తమకు తెలిసినదే. ఆ తీర్పును ఈ అర్జీలో ప్రశ్నించడం లేదు. అప్పీలుకు వెళ్లవచ్చని మా లాయరు చెప్పారు. "ఆ వీడియో మళ్లీ చూడలేనండీ" అని చంద్రిక అంది. అందుచేత వెళ్లడం లేదు.

కోర్టులో నేను ఇంగ్లీషులోనే మాట్లాడాను. నేనన్న ప్రతి మాటకూ అవతలి లాయరు ఇంకో అర్థం తీశారు. కనుక ఇది తెలుగులో రాస్తున్నాను. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి దేదీప్య దీన్ని ఇంగ్లీషు చేసి జతపరుస్తుంది.

"దే వర్ క్లియర్డ్, నాన్నా. ఇంకా ఏం రాస్తావ్?" అని తను అడిగింది.

"కేసు గురించి కాదమ్మా. ఇంటి గురించి" అన్నాను.

ఇక విన్నవించుకొను అంశములు:

1. రెండేళ్ల క్రితం ఆస్తమాకి ఇచ్చిన స్టెరాయిడ్ మందు పడక నా భార్యకు నిద్ర కరువైంది, తరువాత మతి చలించింది. ఒక మధ్యాహ్నం బెండకాయలు తరుగుతూ తరుగుతూ, ఇంట్లో ఎవరో ఉన్నారంటూ కత్తితో సహా బయటికి పరుగెత్తి డ్రైవ్‌వేలో నిలబడింది. నేను 911కి ఫోన్ చేసి, నా భార్యకు ఒంట్లో బాగాలేదు, ఆంబులెన్సు పంపమన్నాను. ఆమె చేతిలో ఏమైనా ఉందా అని అడిగారు. కూరగాయల కత్తి ఉందని చెప్పాను. ఆంబులెన్సు కంటే ముందు పోలీసు కారు వచ్చింది.

2. అధికారులిద్దరూ కేకలు వేస్తూ దిగారు. చంద్రిక ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరు, ఇంగ్లీషు అర్థం కాక కాదు. ఒకరు కదలవద్దన్నారు, ఒకరు కత్తి కింద పెట్టమన్నారు. కింద పెట్టాలంటే వంగాలి. వంగింది. దానిని వారు మీదికి రావడంగా భావించారు. చేయి వెనక్కి విరిచి కింద పడేశారు, భుజం ఎముక విరిగింది. "ఏమండీ, నేనేం చేశానండీ" అని ఆమె నన్ను అడగడం అధికారి చొక్కాకున్న కెమెరా తీసిన వీడియోలో స్పష్టంగా వినబడుతుంది. ఆ వీడియోలోని మాటలు రాసి కోర్టుకిచ్చిన కాగితంలో ఆ చోట "అన్యభాష" అని మాత్రమే ఉంది.

వారి స్థానంలో మరో అధికారి ఉన్నా అలాగే చేసి ఉండేవారా అన్నది జ్యూరీ ముందున్న ప్రశ్న. ఉండేవారేనని జ్యూరీ అన్నది. తీర్పు చదువుతున్నంతసేపూ జ్యూరీలో ఒక పెద్దావిడ మా ఆవిడ వంకే చూస్తూ కూర్చుంది. ఎందుకు చూసిందో మాకు తెలియదు.

3. ఆనాటి నుంచి తమ కంప్యూటరులో మా చిరునామా పక్కన "ఆయుధం, జాగ్రత్త" అని ఉన్నట్టు విచారణలోనే మాకు తెలిసింది. మా ఇంటి నుంచి ఎవరు, ఎందుకు ఫోన్ చేసినా ముందు పోలీసులే వస్తారట. అధికారుల మీద పడిన మచ్చను జ్యూరీ తుడిచింది. మా ఇంటి మీది మచ్చను తుడిచే జ్యూరీ ఎక్కడుంటుందో తెలియక తమకు రాసుకుంటున్నాను.

4. పోయిన నెల ఒక ఆదివారం ఉదయం కాఫీ కలుపుతుండగా నాకు గుండెలో నొప్పి వచ్చి వంటింట్లో కూలబడ్డాను. చంద్రిక ఫోన్ తీసి నంబరు కొట్టింది.

"వద్దు. వాళ్లొస్తారు" అన్నాను.

"రానివ్వండి."

"నువ్వు తట్టుకోలేవు. కారులో పోదాం."

"ఎవరు డ్రైవ్ చేస్తారు? నా చెయ్యి లేవదు, మీరు లేవలేరు" అంది. అయినా నేను ఫోన్ లాక్కుని కట్ చేశాను. అయ్యా, గుండె ఆగిపోతుందన్న భయం కన్నా మా గుమ్మంలోకి యూనిఫారం వస్తుందన్న భయమే నాకు ఆ క్షణాన ఎక్కువైంది. దీనిని తమరు ప్రత్యేకంగా గమనించాలి.

కట్ చేసిన ఫోన్ ఎక్కడిదో చూడటానికి కూడా పోలీసులే వస్తారని నాకు తెలియదు. వచ్చారు. వచ్చినవారు ఆ ఇద్దరిలో ఒకరైన హాల్వర్సన్ గారు. తలుపు తీసిన చంద్రికను చూడగానే ఆయన గుర్తుపట్టారు. నేను నేల మీద నుంచే అంతా వింటున్నాను.

"మా ఆయనకి గుండెనొప్పి. ఆంబులెన్సు కావాలి. మీరు దయచేసి లోపలికి రావద్దు" అని ఆమె ఇంగ్లీషులో చెప్పింది. మాట తడబడలేదు.

"సరేనమ్మా" అని ఆయన మెట్లు దిగి, గడ్డి దాటి, రోడ్డు అంచున నిలబడి రేడియోలో ఆంబులెన్సును పిలిచారు. అది వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. హాస్పిటల్లో నాకు స్టెంట్ వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే బతికేవాణ్ణి కాదని డాక్టరు చెప్పారు.

హాల్వర్సన్ గారికి నేను కృతజ్ఞుణ్ణి. ఆ మాట రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎందుకంటే ఆ రోజు అంత దూరాన నిలబడగలిగిన మనిషి, మొదటి రోజున కూడా నిలబడగలిగేవారే కదా అన్న ఆలోచన నన్ను పడుకోనివ్వడం లేదు.

కావున, మా చిరునామా పక్కనున్న హెచ్చరికను తీసివేయించవలసిందిగా, జబ్బుచేసి పిలిచిన ఏ ఇంటికైనా ముందుగా వైద్యులు వచ్చేటట్లు, పోలీసులు తప్పనిసరిగా రావలసి వస్తే రోడ్డు అంచున నిలబడేటట్లు ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా ప్రార్థన. తమరు తీరికగా చదివి, ఈ ఇంట్లో కూడా మనుషులే ఉన్నారని తలచి చిత్తగించవలెను.

తమ రక్షణలోనే ఉండక తప్పని విధేయుడు,
చక్రపాణి

తాజాకలం: ఆయన సంతకం పెట్టాక ఇది నేను, చంద్రికను, రాస్తున్నాను. ఇందులో ఒక సంగతి లేదు. ఆయన అప్పటికే స్ట్రెచర్ మీద ఉన్నారు, నేనూ తరువాత చెప్పలేదు. ఆంబులెన్సులో నాకు చోటు లేదన్నారు. అప్పుడు హాల్వర్సన్ గారు ఉన్నచోటు నుంచే "హాస్పిటల్ దాకా దింపమంటారా" అని అడిగారు. నేను ఆ కారు వంక చూశాను. వెనక తలుపు చూశాను. ఎక్కలేకపోయాను. ఎదురింటి ప్రణవి కారు తీసుకొచ్చేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. ఆయన కూడా నిలబడ్డారు. ఆయన అడిగారని మీ రికార్డులో రాసుకోండి. నేను ఎక్కలేదని కూడా రాసుకోండి.