ఎర్ర పేలికలు తొమ్మిది

27 ఆగస్టు 1999, శుక్రవారం

ఈ డైరీ మా అబ్బాయి నరేందర్‌ది. ఆఫీసులో ఇచ్చారు. ఆగస్టు పద్నాలుగు దాకా వాడి రాత ఉంది. ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలు. ఖాళీగా వదలబుద్ధి కాలేదు. అందుకని రాస్తున్నాను. నేను ఐదు దాకా చదివాను. తప్పులుంటే దిద్దేవాడు లేడు.

పదకొండో రోజు మొన్ననే అయింది. చుట్టాలందరూ పోయారు. కుర్చీలు కిరాయికి ఇచ్చినతను వచ్చి కుర్చీలు తీసుకుపోయాడు. ఇల్లు ఇంత పెద్దదని నాకు తెలియదు.

28 ఆగస్టు, శనివారం

వాడి రాత చదివాను. అంతా సైకిలే.

ఆదివారం వస్తే ఆఫీసు పిల్లలు ఆరుగురు లింగంపల్లిలో ప్యాసింజర్ ఎక్కేవాళ్లు. గేర్ల సైకిళ్లు లగేజి డబ్బాలో వేసుకుని తాండూరు అవతలి అడవి గుట్టలకు పోయేవాళ్లు. గొర్లు నడిచిన బాటలు వెదికి, కంప కొట్టి, సైకిల్ బాటలు చేశారు. ట్రైల్ అంటారు. ఒక్కో దానికి ఒక పేరు. బొమ్మలు కూడా గీశాడు. ఒక మలుపు దగ్గర బుచ్చమ్మ మలుపు అని రాసి ఉంది. నా పేరే. తిట్టకుండా ఎవర్నీ వదలదు అని పక్కన రాశాడు, దొంగ.

చెట్లకు పేలికలు కడతారట. తెల్ల పేలిక ఉంటే దారి బాగుంది, రా అని. ఎర్రది ఉంటే ఆగు, ముందు గుంత ఉంది అని. అవి సున్నపురాయి గుట్టలు. వాన నీళ్లు రాయిని లోపల్లోపల తినేస్తాయట. పైన గడ్డి పచ్చగా ఉంటుంది. కింద ఏమీ ఉండదు.

మా ఇంట్లో పరిచిన శాబాదు బండలు కూడా ఆ దిక్కు నుంచి వచ్చినవే. మా ఆయనే పరిచాడు. బాలనర్సయ్య మేస్త్రీ పరిచిన బండ కదలదని పుప్పాలగూడలో అందరూ అంటారు.

3 సెప్టెంబరు, శుక్రవారం. పొద్దున పది

ఉదయ్ భాస్కర్ వచ్చాడు. వాడితో పనిచేసే పిల్లాడు. ఎన్నిసార్లు మా ఇంట్లో సర్వపిండి తిన్నాడో. గేటు దాటి రాలేదు. మా ఆయన రానివ్వలేదు.

గుంత తెరుచుకున్న సంగతి ఆగస్టు ఒకటినే వాళ్లకు తెలుసు. ఎనిమిదో తారీకున ఉదయ్ పోయి అక్కడ గుర్తు కట్టాలి. కట్టాడు. కానీ ఎర్రది కాదు. తెల్లవి. పదిహేనో తారీకున వాన. నా కొడుకు అందరికన్నా ముందు దిగాడు. బుచ్చమ్మ మలుపు తిరిగాడు. తెల్లగుడ్డ కనబడింది. బాట పక్కకు మార్చారనుకున్నాడేమో. పోయాడు.

మా ఆయన గేటు పట్టుకుని, తెల్లగుడ్డ చూపెట్టి నా కొడుకును పిలిచి సంపినవు గదరా, ఇగ ఏం మొకం పెట్టుకొని వచ్చినవ్ అన్నాడు. ఆ పిల్లాడు ఏడుస్తూ, ఎర్రవి సంచిలో లేవండి, అందుకే తెల్లవి రెండు కలిపి కట్టానండి, రెండుంటే ఆగమని అందరికీ చెప్పానండి, నరేందర్‌కి చెప్పానో లేదో గుర్తు రావట్లేదండి అన్నాడు. మా ఆయన, సంచిల లేకపోతే ఎటు పోయినయ్‌రా, కాకెత్తుకపోయిందా అన్నాడు.

నేను తలుపు వెనక ఉన్నాను. బయటికి రాలేదు.

4 సెప్టెంబరు

వాడి హెల్మెట్‌తో బియ్యం కొలిచాను. ఎందుకు కొలిచానో.

12 సెప్టెంబరు, ఆదివారం

ఉదయ్ వాళ్లమ్మ పుణ్యవతమ్మ వచ్చింది. హఫీజ్‌పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. వచ్చీ రాగానే నా కాళ్లు పట్టుకోబోయింది. వదినగారూ, మా వాడు అన్నం ముట్టట్లేదండి, ఆఫీసులో ఎవరూ పక్కన కూర్చోవట్లేదటండి, నరేందర్ ఎర్రవి తొమ్మిది కోసి సంచిలో పెట్టడం మేం చూశాం అంటున్నారటండి మిగతా పిల్లలు. మావాడేమో సంచి విప్పితే ఒక్కటీ లేదంటాడు. వాడు అబద్ధమాడే పిల్లాడు కాదండి, మీకూ తెలుసు కదండీ అంది.

నాకు తెలుసు.

టీ పెట్టి ఇచ్చాను. చక్కెర వెయ్యడం మరిచిపోయాను. ఆమె అలాగే తాగింది. పోయేటప్పుడు గుమ్మానికి దండం పెట్టింది.

13 సెప్టెంబరు. పొద్దున్నే

రాస్తాను. ఎక్కడో ఒకచోట రాయాలి.

ఆగస్టు ఎనిమిది మా ఊరి బోనాలు. ఇంటికి ఒక్క కొడుకువి, బోనం నాడు కూడా సైకిలేనా అని వాణ్ని నేనే ఆపాను. వాడు నవ్వి సరే పోనీ అని, సైకిల్ సంచి ఉదయ్‌తో పంపుతానన్నాడు. వాడు స్నానానికి పోయినప్పుడు ఆ సంచి దులుపుదామని విప్పాను. పక్క జేబులో ఎర్రగుడ్డ పేలికలు. మూరెడు మూరెడు కోసి, అంచులు కుట్టి, చక్కగా మడిచి ఉన్నాయి. తొమ్మిది.

అవి సైకిల్ గుర్తులని నాకు తెలుసు. ఒకసారి చెప్పాడు కూడా. కానీ కట్టమైసమ్మ వేపకు ఎర్రగుడ్డ కట్టి మొక్కుకుంటే బిడ్డకు గండం తప్పుతుంది. మా అత్త నేర్పింది. వాడి చేతితో కోసిన గుడ్డయితే ఇంకా మంచిదనుకున్నాను. చెట్టూ పుట్టా తిరిగేవాడు, గుర్తులకేం, మళ్లీ కోసుకుంటాడులే అనుకున్నాను. తొమ్మిదీ తీసి కొంగున ముడి వేసుకున్నాను. బోనం దించాక తొమ్మిది ముళ్లు వేసి కట్టాను. అమ్మా, నా కొడుకును గుట్టల్లో సల్లగ చూడు అన్నాను.

ఆ పొద్దున సంచి కోసం ఉదయ్ వస్తే, మూసి నేనే అతని చేతికి ఇచ్చాను. పైలం బిడ్డా, చూసుకుంట పో అని కూడా అన్నాను.

19 సెప్టెంబరు

ఎల్లయ్య వచ్చాడు. ఆ గుట్టల్లో గొర్లు కాసే మనిషి. తాడు కట్టుకుని గుంతలోకి దిగి నా కొడుకును పైకి తెచ్చింది ఈయనే. వాడి చేతి గడియారం అక్కడ గడ్డిలో దొరికిందట, ఇవ్వడానికి ఇంత దూరం వచ్చాడు. గడియారం నడుస్తోంది.

మా గొర్లు సుత గటు పోవమ్మా, నోరులేని జీవాలకు ఎరుకైతది, మనిషికి ఎవలన్న చెప్పాలె అన్నాడు.

17 అక్టోబరు

ఈ యేడు బతుకమ్మ పేర్చలేదు.

9 నవంబరు, మంగళవారం

మా ఆయనకు చెప్పేశాను. అన్నం తింటున్నాడు. ఎర్ర పేలికలు నేను తీశానయ్యా అన్నాను. వేప చెట్టుకున్నాయి, పోయి చూసుకో అన్నాను.

చెయ్యి కంచంలోనే ఉంది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

తర్వాత మెల్లగా అన్నాడు. ఎవలకు చెప్పకు. గా పిలగాన్ని తిట్టుకుంటనే నేను దినాలు ఎల్లదీస్తున్న. ఇప్పుడు నిన్ను తిట్టుకుంట బతకాల్నా బుచ్చమ్మా, ఒక్క ఇంట్ల ఉండి?

చెయ్యి కడుక్కుని పనికి పోయాడు. కొత్త అపార్ట్‌మెంట్‌లో బండలు పరుస్తున్నారట.

10 నవంబరు

మా ఆయన మాట్లాడటం లేదు.

22 నవంబరు, సోమవారం

మాట్లాడటం లేదు. చాయ్ ఇస్తే తాగుతాడు.

28 నవంబరు, ఆదివారం

ఎవరికీ చెప్పొద్దన్నాడు. పోయాను. హఫీజ్‌పేటలో స్టేషన్ వెనక కాలనీ. పుణ్యవతమ్మ ఎదురుగా ఏం చెప్పాలో బస్సంతా అనుకుంటూ పోయాను. వదినా, నీ కొడుకు నిజమే చెప్పాడు. అంతే. అంతకన్నా ఏమీ లేదు.

తాళం ఉంది. టులెట్ బోర్డు ఉంది. ఓనరామె బయటికి వచ్చి, దసరా వెనకనే ఖాళీ చేసిన్రమ్మా, ఆంధ్ర దిక్కే పోయిన్రు, ఊరు పేరు జెప్పలే, పిలగాడు ఎవ్వరితోటి మాట్లాడుతలేకుండె, గోడ దిక్కు జూసుకుంట కూసునెటోడు అంది. నువ్వేమైతవమ్మా అని అడిగింది.

బస్సు టైమైందని చెప్పి వచ్చేశాను.

29 నవంబరు

ఆఫీసుకు పోయాను, హైటెక్ సిటీ గుండ్రటి బిల్డింగుకు. గేటు దగ్గర వాచ్‌మన్ బ్యాడ్జి ఏదమ్మా అన్నాడు. ఈ బయటి బండలు మా ఆయన పరిచాడు, లోపల మా కొడుకు పనిచేశాడు అన్నాను. పాపం మంచివాడు, కుర్చీ వేశాడు. లోపలికి ఫోన్ చేసి అడిగాడు. ఉదయ్ భాస్కర్ ఉద్యోగం మానేసి రెండు నెలలైంది, అడ్రసు లేదు అన్నారట. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని అందరూ పరేషాన్‌లో ఉన్నారమ్మా, ఇప్పుడు ఎవరూ కిందికి రారు అన్నాడు.

ఆ బండల మీద నడుస్తూ వెనక్కి వచ్చాను. ఒక్కటీ కదలలేదు.

12 డిసెంబరు, ఆదివారం

వేప దగ్గరికి పోయాను. పేలికలు వానకు తడిసి ఎండకు ఎండి గులాబి రంగుకు వచ్చాయి. ముళ్లు బిగుసుకుపోయాయి. పళ్లతో విప్పాను. పూజారి చూసి, అమ్మవారికి ఇచ్చింది తిరిగి తీసుకుంటే మంచిది కాదు బుచ్చమ్మా అన్నాడు.

ఇంకేమవుతుంది అయ్యగారూ అన్నాను.

తొమ్మిదీ ఉన్నాయి. అంచుల కుట్టు వాడిదే. వంకర కుట్టు.

25 డిసెంబరు

మా ఆయన లింగంపల్లిలో తాండూరు బండి టైము అడిగి వచ్చాడు. నేను అడగలేదు, పేలికలు మడిచి పెట్టడం చూశాడేమో. నువ్వు పోయి రా, నేను రాను అన్నాడు.

26 డిసెంబరు, ఆదివారం

ఎల్లయ్య చెయ్యి పట్టుకుని గుట్ట బాట దింపాడు. బుచ్చమ్మ మలుపు చూశాను. గుంత చుట్టూ తొమ్మిదీ కట్టాను. ఇప్పుడు సైకిళ్లు ఎవలు వస్తలేరమ్మా, ఎవలి కోసం కడుతున్నవ్ అన్నాడు ఎల్లయ్య.

ఉదయ్ కట్టిన తెల్లవి రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి. విప్పి తెచ్చాను.

27 డిసెంబరు

ఉదయ్ తెల్లవి రెండూ విడదీసి మా గుమ్మానికి చెరో పక్క కట్టాను. దారి బాగుంది, రా అని.